వర్మీ కంపోస్ట్ పేరుతో మట్టి అమ్ముతున్నారు, లోడు చూడకుండా డబ్బు కట్టకండి

నిజామాబాద్ వైపు పసుపు వేసే అన్నలందరికీ, ముఖ్యంగా ఆఖరి దుక్కిలో వేయడానికి వర్మీ కంపోస్ట్ (పేడ, చెత్తను వానపాములు తిని తయారుచేసే ఎరువు) వెతుకుతున్న వాళ్లకు ఈ మాట. ముందు ఒక మనిషి శాంపిల్ కవర్ పట్టుకొని ఊళ్లోకి వస్తాడు. అందులో ఉన్నది నిజంగా మంచి సరుకే, టీ పొడిలా నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. మాకూ అదే చూపించి, కిలో 8 రూపాయలకు బేరం కుదుర్చుకొని సగం డబ్బు అడ్వాన్స్ పట్టుకెళ్లాడు. లారీ మాత్రం రాత్రి పొద్దుపోయాక వచ్చింది, చీకట్లోనే దించేసి, వేరే ఊరు పోవాలని తొందరపెట్టి మిగతా డబ్బు వసూలు చేసుకొని వెళ్లిపోయారు.

తెల్లారి బస్తా విప్పి చెయ్యి లోపలికి పెడితే వెచ్చగా తగిలింది. మాగిన వర్మీ కంపోస్ట్ చల్లగా ఉంటుంది, వేడి ఉందంటే లోపల పేడ ఇంకా కుళ్లుతోందనే. గుప్పెడు తీసి గాజు గ్లాసులో నీళ్లు పోసి కలిపితే కాసేపటికే అడుగున ఇసుక, మట్టి మందంగా పేరుకున్నాయి, పైన గడ్డిపోచలతో పాటు పాల ప్యాకెట్ ముక్క కూడా తేలింది. బస్తా మీద తయారీదారు పేరు లేదు, బ్యాచ్ నంబర్ లేదు, బిల్లు అడిగితే పంపిస్తామన్నారు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు.

బస్తాల్లో కలిపింది చెరువు మట్టే అనుకున్నా, ఆ మట్టి చెడ్డదని నేననను. మిషన్ కాకతీయ అప్పుడు పూడిక మట్టిని ట్రాక్టర్ కిరాయి మాత్రమే పెట్టుకొని తోలుకున్నాం కదా, దాన్నే ఎరువు ధరకు అంటగడితే ఎలా? దానికన్నా ప్రమాదం ఆ మాగని పేడ. పచ్చి పేడకు వేరుపురుగు వస్తుంది, కలుపు గింజలు చావకుండా చేనంతా మొలుస్తాయి, సగం కుళ్లిన గడ్డి భూమిలో ఉన్న నత్రజనిని లాక్కుంటుంది కాబట్టి పైరు ఆకులు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతాయి.

ఇంకో మాట కూడా నమ్మకండి. ఇది వేస్తే యూరియా, డీఏపీ అక్కర్లేదు అంటున్నారు. కేంద్ర ప్రభుత్వ ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం వర్మీ కంపోస్ట్‌లో నత్రజని కనీసం 1 శాతం, సేంద్రియ కర్బనం 18 శాతం ఉండాలి, తేమ 15 నుంచి 25 శాతం మధ్య ఉండాలి. అంటే ప్రమాణం అందుకున్న సరుకు టన్ను వేసినా వచ్చే నత్రజని 10 కిలోల దగ్గరే, 45 కిలోల యూరియా బస్తా ఒక్కదానిలోనే 20 కిలోల పైన ఉంటుంది. వర్మీ కంపోస్ట్ వేసేది భూమిలో కర్బనం పెరిగి నేల గుల్లబారాలని, అది ఏళ్ల తరబడి జరిగే పని. భూసార పరీక్ష చేయించకుండా రసాయన ఎరువులు ఒక్కసారిగా ఆపేస్తే దిగుబడి పడిపోతుంది, అప్పుడు సేంద్రియ ఎరువులే దండగ అని జనం అంటారు, నాకు ఎక్కువ బాధ అదే.

లోడు పగలే దించుకోండి. ఏ బస్తా విప్పాలో వాళ్లను చూపనివ్వకుండా, అడుగు వరసలో ఉన్నవి మీరే లాగి చూడండి. తడిగా, ముద్దగా ఉంటే నీళ్లకు డబ్బు కడుతున్నట్టే. అనుమానం ఉంటే కుండీలో ఆ ఎరువు వేసి పెసలు చల్లండి, సరిగ్గా మొలవకపోతే తీసుకోకండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఉంటే చేలో చల్లకుండా ఆపి, రెండు బస్తాలు విప్పకుండా పక్కన పెట్టి, లారీ నంబర్, డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలతో మండల వ్యవసాయ అధికారికి రాసివ్వండి. శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపమని మీరే అడగండి, మేమూ అలాగే రాసిచ్చాం.