1/72 కిరణ్ మార్క్ 2 త్రీడీ ప్రింట్ కిట్: ఆకారానికి వంక లేదు, రెజిన్‌తోనే తంటా

కిరణ్ శిక్షణ విమానానికి కిట్ దొరకడమే అరుదు. మిగ్-21, జాగ్వార్, హాక్ కావాలంటే పెద్ద కంపెనీల పెట్టెలు ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతాయి. దుండిగల్, హకీంపేటల్లో దశాబ్దాల పాటు ఫ్లైట్ క్యాడెట్లకు జెట్ నడపడం నేర్పిన కిరణ్ (అసలు పేరు హెచ్‌జేటీ-16) మాత్రం మోడల్ చేసేవాళ్లను ఊరిస్తూనే వచ్చింది. ఇప్పుడు హన్మకొండలోని ఒక చిన్న త్రీడీ ప్రింట్ వర్క్‌షాపు దాన్ని 1/72 స్కేలులో, అంటే అసలులో 72వ వంతు సైజులో, రెజిన్‌తో (కాంతికి గట్టిపడే ద్రవ ప్లాస్టిక్‌తో) ముద్రించి 1,450 రూపాయలకు ఇస్తోంది. ఆర్డర్ ఫోన్‌లోనే. కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ వాళ్లకు బస్సు కార్గోలో పంపిస్తారు. కొనొచ్చా అంటే కొనొచ్చు, అయితే పెట్టె విప్పిన రోజే జిగురు పట్టుకుని కూర్చుంటే విమానం పాడవుతుంది. ఎందుకో వివరంగా చెప్పాలి.

పెట్టెలో 38 ముక్కలు ఉంటాయి. బాడీ ముందు, వెనక రెండు భాగాలు, రెక్కలు రెండు, తోక రెక్కలు రెండు, నిలువు తోక వెనక బాడీతో కలిసే వస్తుంది. కాక్‌పిట్ తొట్టి, రెండు సీట్లు, విమానం నడిపే స్టిక్కులు రెండు, ల్యాండింగ్ గేర్ (చక్రాలు, వాటి కాళ్లు), రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు నాలుగు, పారదర్శక రెజిన్‌లో విండ్‌స్క్రీన్, కాక్‌పిట్ మీది అద్దాల మూత కానొపీ. వీటితో పాటు డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు) షీటు ఒకటి, ఒకే పేజీ సూచనల కాగితం ఒకటి.

ముందు కొలతలు. అసలు విమానం పొడవు 10.60 మీటర్లు, రెక్కల వెడల్పు 10.70 మీటర్లు. 72తో భాగిస్తే 147.2, 148.6 మిల్లీమీటర్లు రావాలి. వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలిస్తే ఈ కిట్ 146, 147.5 చూపిస్తోంది. గట్టిపడేటప్పుడు రెజిన్ కుంచించుకుపోవడం వల్ల వచ్చే తేడా ఇది, ఒక శాతం లోపే. కంటికి తెలియదు.

అసలు మెచ్చుకోవలసింది ముక్కు, కాక్‌పిట్ దగ్గరి వెడల్పు. కిరణ్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు, విద్యార్థి ఎడమ వైపు, ఇన్‌స్ట్రక్టర్ కుడి వైపు. హాక్, పిలాటస్ శిక్షణ విమానాల్లో ఒకరి వెనక ఒకరు. పక్కన కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్‌కు విద్యార్థి చెయ్యి స్టిక్ మీద ఎంత బిగుసుకుందో, కళ్లు ఏ గేజీ మీద ఆగిపోయాయో నేరుగా కనిపిస్తుంది. ఆ సౌకర్యం కోసమే ముందు భాగం అంత బొద్దుగా ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత త్రీడీ ఫైళ్లలో తరచుగా చెడేది సరిగ్గా ఇదే. ముక్కును సన్నగా లాగేసి ఫైటర్‌లా చేసేస్తారు. ఈ వర్క్‌షాపు ఆ పొరపాటు చేయలేదు. పక్క నుంచి చూసినా, ఎదురుగా చూసినా కిరణే.

మార్క్ 2 అని రాసినందుకు దానికి తగ్గ వివరాలూ ఉన్నాయి. 1964 సెప్టెంబర్ 4న టెస్ట్ పైలట్ సురంజన్ దాస్ చేతుల మీదుగా మొదటిసారి ఎగిరిన కిరణ్‌లో వైపర్ ఇంజన్ ఉండేది. 1976 జులై 30న ఎగిరిన మార్క్ 2కు నాట్ ఫైటర్‌లో వాడిన ఓర్ఫియస్ ఇంజన్ పెట్టారు. థ్రస్ట్ (ఇంజన్ ముందుకు నెట్టే బలం) 2,500 పౌండ్ల నుంచి 4,200కు పెరిగింది. ఆయుధ శిక్షణ కోసం ముక్కులో రెండు 7.62 మిల్లీమీటర్ల మెషిన్ గన్లు, ఒక్కో రెక్క కింద రెండేసి పైలాన్లు వచ్చాయి. కిట్‌లో గన్ల రంధ్రాలు ముద్రించే ఉన్నాయి, పైలాన్లు విడిగా ఇచ్చారు. మీరు చేయదలచిన నంబరు విమానం ఫొటో చూశాకే పైలాన్లు అతికించండి.

ఇక తంటాలు. అన్నిటికన్నా పెద్దది బాడీ లోపల మిగిలిపోయే పచ్చి రెజిన్. బరువు తగ్గించడానికి బాడీని రెండు మిల్లీమీటర్ల గోడతో గుల్లగా ముద్రించారు, అది సరైన పనే. అయితే రెజిన్ బయటికి కారడానికి పెట్టిన రంధ్రం ఒక్కటే ఉంది, అదీ చిన్నది. లోపల ఇరుక్కున్న ద్రవం నెల, రెండు నెలల తర్వాత గోడను లోపలి నుంచి తినేస్తుంది. అప్పటికి మీరు రంగు కూడా వేసేసి ఉంటారు. అతుకు పక్కన సన్నటి పగులు వచ్చి జిగటగా కారడం మొదలైతే ఇక బాగు చేయడం అయ్యే పని కాదు.

కాబట్టి మొదటి రోజు పని ఇది. ముక్కను చీకట్లో మొబైల్ టార్చికి అడ్డంగా పెట్టి చూడండి. గోడ వెంట ముదురు నీడలా మెరుస్తూ కనిపిస్తే లోపల ద్రవం ఉన్నట్టే. ఇంజన్ పైపు లోపలి వైపు, బయటికి కనపడని చోట, రెండు మిల్లీమీటర్ల బిట్‌తో ఎదురెదురుగా రెండు రంధ్రాలు వేయండి. సిరంజితో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వైపు నుంచి ఎక్కించి రెండో వైపు నుంచి వదలండి. బయటికి వచ్చేది తేటగా మారేదాకా, కనీసం నాలుగైదు సార్లు చేయాలి. ఒక రోజంతా ఆరనిచ్చి, తర్వాత బ్యూటీ పార్లర్లలో గోళ్లకు వాడే యూవీ ల్యాంపు కింద పది నిమిషాలు, రంధ్రాలు ల్యాంపు వైపు ఉండేలా పెట్టండి. ల్యాంపు లేకపోతే మన ఎండ చాలు, కానీ మధ్యాహ్నం ఎండలో ఐదు నిమిషాలకు మించొద్దు. వేసవిలో గంటలు గంటలు మేడ మీద వదిలేస్తే రెజిన్ పెళుసెక్కి, రెక్క కొన చేతిలోనే విరుగుతుంది. ఈ పని మొత్తానికీ నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. పచ్చి రెజిన్ చర్మానికి పడదు, ఒకసారి అలర్జీ మొదలైతే జీవితాంతం వదలదు.

రెక్కలు కొద్దిగా వంగి రావడం మామూలే. 60, 70 డిగ్రీల వేడినీళ్లలో అర నిమిషం ముంచి, గాజు పలక మీద అదిమిపట్టి, వెంటనే చల్లనీళ్లలో పెడితే తిన్నగా అవుతుంది. మరుగుతున్న నీళ్లు వద్దు, వెనక అంచు అలలు తిరుగుతుంది. ముద్రించేటప్పుడు ముక్కను నిలబెట్టే సపోర్టుల మచ్చలన్నీ రెక్కల అడుగు వైపే పెట్టారు, ఆ ఆలోచన బాగుంది. పొరల గీతలు వీపు మీద, కాక్‌పిట్ వెనక వంపులో మాత్రమే కనిపిస్తాయి. ఆటో పెయింటర్లు వాడే వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 800, 1200 దాకా వెళ్లాలి. ఎప్పుడూ తడిపే రుద్దండి. రెజిన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

సూచనల కాగితం ఒక ముఖ్యమైన మాట మరిచిపోయింది, ముక్కులో బరువు. కిరణ్‌కు ముక్కు చక్రం ఉంటుంది. గుల్ల బాడీ అయినా ఇంజన్ పైపు, నిలువు తోక రెజిన్ ముద్దలు కావడంతో వెనక భాగమే బరువెక్కుతుంది. బరువు పెట్టకుండా అతికిస్తే విమానం తోక మీద కూలబడి ముక్కు ఆకాశంలోకి చూస్తుంది. 12 గ్రాములు కావాలి. టైర్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్‌కు అంటించే ఐదేసి గ్రాముల ముక్కలు రెండున్నర సరిపోతాయి. చేపల వలలకు కట్టే సీసం గుండ్లు నలగ్గొట్టి కూడా నింపొచ్చు. ఒక్క జాగ్రత్త: సీసాన్ని ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుతో అతికించొద్దు. ఆ జిగురులోని ఆమ్లంతో సీసం తెల్లటి పొడిగా పూసి ఉబ్బుతుంది, కొన్నేళ్లకు ముక్కును లోపలి నుంచి చీల్చేస్తుంది. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. మూసేముందు మొత్తం విమానాన్ని టేపుతో తాత్కాలికంగా కట్టి, ప్రధాన చక్రాలు వచ్చే చోట కింద పెన్సిల్ అడ్డం పెట్టి చూడండి. ముక్కు వైపు వాలితేనే మూయాలి.

ల్యాండింగ్ గేర్ కాళ్లు రెజిన్‌వి. ఆకారం ముచ్చటగా ఉంది, బలం లేదు. ఈ బరువుతో మే నెల వేడికి మెల్లగా వంగుతాయి, లేదా చెయ్యి తగిలితే పుటుక్కున విరుగుతాయి. కాలి మధ్యలో సన్నగా డ్రిల్ చేసి జెమ్ క్లిప్ తీగ దూర్చడమే దారి. 1,450 తీసుకుంటున్నప్పుడు రెండు ఇత్తడి తీగ ముక్కలు వర్క్‌షాపే పెట్టెలో వేసి ఉండాల్సింది. ఈ కిట్‌లో నిజంగా ఒప్పుకోలేని లోపం ఇదే.

కానొపీ అసలు విమానంలోలాగే వెనక కీలు మీద పైకి లేచేలా విడిగా ఇచ్చారు. తెరిచి పెట్టడమే మేలు. పక్కపక్కన ఉన్న రెండు సీట్లు, రెండు స్టిక్కులు కనపడకపోతే కిరణ్ చేసిన ఫలమే లేదు. పారదర్శక రెజిన్ కొంచెం మందంగా, మసకగా వస్తుంది. 2000 వాటర్ పేపర్, ఆపై కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్, చివరికి నీటి ఆధారిత క్లియర్ వార్నిష్‌లో ఒకసారి ముంచితే గాజులా తేలుతుంది. దీన్ని యూవీ ల్యాంపు కింద మళ్లీ పెట్టొద్దు, పచ్చబడుతుంది. అతికించడానికి ఇక్కడ మాత్రం ఫెవికాలే సరైనది. ఫెవిక్విక్ రకం జిగురు ఆవిరితో కానొపీ లోపల తెల్లటి పొగ పేరుకుంటుంది, వానాకాలం తేమలో ఇంకా ఎక్కువ.

రంగు. డెకాల్ షీటు వాయుసేన విన్యాసాల జట్టు సూర్యకిరణ్‌ది. 1996లో బీదర్‌లో మొదలైన ఆ జట్టు 2011 ఫిబ్రవరి దాకా కిరణ్ మార్క్ 2ల మీదే విన్యాసాలు చేసింది, తర్వాత హాక్‌లకు మారింది. ఎరుపు, తెలుపు. క్రమం తప్పితే రెండూ చెడతాయి: బూడిద రంగు ప్రైమర్, దాని మీద పలచగా మూడు పూతలు తెలుపు, ఒక రోజు ఆరాక మాస్కింగ్, ఆఖరున ఎరుపు. ఎరుపు మీద తెలుపు వేస్తే గులాబీ రంగు ఊరుతూనే ఉంటుంది. వరంగల్ ఆటోనగర్‌లోని పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగులు, థిన్నర్ ఈ రెజిన్ మీద ప్రైమర్ పడ్డాక బాగా పనిచేస్తాయి. కానొపీ మీద మాత్రం ఆ థిన్నర్ చుక్క పడకూడదు. వేసవిలో పొద్దున ఎనిమిదిలోపే స్ప్రే చేయండి. ఎండెక్కాక రంగు గాల్లోనే ఆరిపోయి పొడిపొడిగా, గరుకుగా పడుతుంది. ముసురు రోజుల్లో తేమ పట్టి తెల్లగా పాలిపోతుంది. అప్పుడు రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ థిన్నర్ కొద్దిగా కలపాలి, లేదా ఎండ వచ్చేదాకా ఆగాలి. ఆగడమే మంచిది.

డెకాల్స్‌లో ఒక చిక్కుంది, సూచనల కాగితంలో దాని ఊసే లేదు. ఇవి లేజర్ ప్రింటర్ మీద తీసినవి. ఆ ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు. వాయుసేన గుండ్రటి గుర్తులో బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. తెల్ల రంగు మీద పెడితే కింది తెలుపే మధ్య వలయంగా కనిపించి సరిపోతుంది. ఎరుపు మీద పడ్డచోట వలయం ఎర్రగా అయిపోతుంది. దీనికి తేలికైన మందు ఉంది. ఎరుపు స్ప్రే చేయకముందే, తెలుపు మీద గుర్తులు వచ్చే చోట్ల మాస్కింగ్ టేపు బిళ్లలు అంటించండి. ఆఫీసు పేపర్ పంచ్‌తో కొట్టిన బిళ్ల ఈ షీటులోని గుర్తుకు దాదాపు సరిగ్గా సరిపోతుంది. డెకాల్ నానబెట్టడానికి బోరు నీళ్లు వద్దు, ఆరాక ఉప్పు మరకలు తేలతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి తెచ్చుకుంటే చాలు.

పెట్టె అడుగున మామునూరు ఎయిర్‌ఫీల్డ్ రన్‌వే బొమ్మ ముద్రించిన అట్ట కూడా ఇస్తున్నారు. నిజాం కాలం నాటి ఆ రన్‌వే మీద వరంగల్ వాళ్లకున్న మమకారం తెలిసిందే, ముచ్చట అర్థమవుతుంది. కానీ కిరణ్ బతుకంతా గడిచింది శిక్షణ స్థావరాల్లో. రెండో వైపు హకీంపేట లాంటి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ టార్మాక్ ముద్రించి ఉంటే మోడల్‌కు నప్పేది.

సేవ విషయానికొస్తే, ప్యాకింగ్ గట్టిగా ఉంది. రెక్కలకు విడిగా థర్మాకోల్ గళ్లు చేశారు. విరిగిన ముక్క ఫొటో పంపితే మళ్లీ ముద్రించి ఇస్తున్నారు, కొరియర్ ఖర్చు మాత్రం కొనేవాళ్లదే. ఇదే వరుసలో మరో రెండు శిక్షణ విమానాలు, హెచ్‌టీటీ-40, సితార కూడా చేస్తామంటున్నారు. సితార చేస్తే ఏ దశ విమానమో ముందే తేల్చుకోవాలి. 2003 మార్చి 7న మొదటిసారి ఎగిరిన ఆ విమానం స్పిన్ (గింగిరాలు తిరుగుతూ కిందికి పడడం) పరీక్షల్లో ఇబ్బంది పడి, తోక భాగం మార్చుకున్నాకే 2022లో రెండు వైపులా ఆరేసి చుట్ల స్పిన్ నుంచి బయటపడి చూపించింది. పాత తోకకు కొత్త రంగులు వేస్తే తెలిసినవాళ్లు మొదటి చూపులోనే పట్టేస్తారు.

కిరణ్ ఆర్డర్ పెట్టేటప్పుడు రెండు మాటలు ముందే అడగండి: బాడీకి రెండో రంధ్రం వేసి, లోపల కడిగి పంపమనండి, గేర్ కాళ్లు రెండు జతలు ఇవ్వమనండి. పూర్తయిన మోడల్‌ను రేకుల కప్పు కింద గదిలోనో, కిటికీ పక్కనో పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో బీరువా కింది అర దానికి సరైన చోటు.