తొందరలో ఓరుగల్లు: పొద్దున రామప్ప, సాయంత్రం కోట

రాజమండ్రి నుంచి మా బావగారి కుటుంబం వచ్చింది. తెల్లారి కాజీపేటలో దిగారు, రాత్రి రైలుకే మళ్లీ ప్రయాణం. కారు తెచ్చిన డ్రైవర్ తమ్ముడు ముందే చెప్పాడు: "ముందుగాల రామప్పకే పోదాం సార్. ఎండ ముదిరినంక గుడి బండల మీద కాళ్లు నిలవయి." ఆ మాట విన్నందుకు మాకు మేలే జరిగింది. హనుమకొండ నుంచి ములుగు మీదుగా, రామప్ప గుడి ఉన్న పాలంపేట దాదాపు 65 కిలోమీటర్లు. మేం చేరేసరికి గుడి చుట్టూ ఇంకా నీరెండే.

1213లో కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇసుక నింపిన పునాది, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టిన శిఖరం. మేం ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల, అంటే అందగత్తెల శిల్పాల దగ్గరే. ఒకామె కాళ్లకు ఎత్తుమడమల చెప్పులున్నాయి! మా మేనకోడలు మెడ నొప్పి పుట్టేదాకా వాటినే చూసింది. ఎనిమిది వందల ఏళ్లు దాటినా నగల్లో పూస పూసా విడిగా కనబడుతుంది. ఇక్కడ గంటన్నరకు తగ్గించుకోవద్దు.

స్నానాలకని పొద్దున స్టేషన్ దగ్గర ఓ లాడ్జిలో గది తీసుకుంటే, పూర్తి రోజు అద్దె గుంజారు. గీజరేమో పనిచేయలేదు. పిల్లలతో వచ్చేవాళ్లకు హనుమకొండలో నక్కలగుట్ట వైపు నయం. ఎక్కడైనా సరే, గది చూశాకే డబ్బు కట్టండి. మధ్యాహ్నం చౌరస్తా దగ్గర మెస్సులో పచ్చిపులుసుతో తృప్తిగా తిన్నాం.

వేయి స్తంభాల గుడి ఊరి నడుమే కాబట్టి అరగంటలో చూసేయొచ్చు. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. విప్పి మళ్లీ నిలబెట్టిన కల్యాణ మండపం 2024లో తెరిచారు, అది తప్పక చూడండి.

నా బాధంతా కోట గురించే. చాలామంది తోరణం ముందు ఫోటో దిగి పది నిమిషాల్లో బండెక్కేస్తారు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు చెక్కుచెదరక నిలిచాయి, వాటి మధ్య ఉండాల్సిన స్వయంభూ దేవాలయం లేదు. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు లొంగిపోయాక కూలిన గుడి అది. ఆ స్తంభాల ముక్కలూ చెక్కిన దూలాలూ అక్కడే నేల మీద ఉన్నాయి. ఒక్కో రాయి దగ్గర ఆగుతూ నడవాలి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేయించిన రాతికోట, దాని బయట మట్టికోట, లోపల ఈనాటికీ జనం కాపురముంటున్న ఊరు. ఇంత ఉన్నప్పుడు సాయంత్రమంతా కోటకే ఇవ్వాలి. ఆటోలో వెళ్తే, ఆగే సమయం కూడా కలిపి ముందే బేరమాడుకోండి.

టైం మిగిలితే భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకోవచ్చు. లక్నవరం చెరువును మాత్రం ఇదే రోజులో ఇరికించొద్దు, కోట కోసం పెట్టుకున్న సాయంత్రం రోడ్డు మీదే అయిపోతుంది.