ఖర్రా, పేకాట: ఏది ఎలా పట్టుకుంటుంది?

మహారాష్ట్రలోని సిరొంచలో ఖర్రా (నమిలే పొగాకు పొట్లం) కట్టేవాడు పొగాకు, వక్కముక్కలు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేత్తో గరగరా రుద్దుతాడు. ఆ చప్పుడు వింటేనే మా బాబాయికి నోరూరుతుంది. అలవాటు వ్యసనమయ్యేది ఇలాగే. పొగాకులోని నికోటిన్ నోటి పొర గుండా రక్తంలో కలిసి మెదడులో హాయినిచ్చే రసాయనం డోపమైన్‌ను పెంచుతుంది. సుమారు 2 గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోతుంది. చిరాకు మొదలవుతుంది, చెయ్యి మళ్లీ పొట్లం వెతుక్కుంటుంది.

డబ్బు పెట్టి ఆడే పేకాటలో ఒంట్లోకి చేరే పదార్థమేదీ లేదు. ఎప్పుడు గెలుస్తామో తెలియకపోవడమే అక్కడ మత్తు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం జూదాన్ని వ్యసనాల వరుసలో చేర్చింది కూడా. ఖర్రా మరక పళ్లమీద కనబడుతుంది, పేకాట అప్పు కనబడదు. నాకు రెండోదంటేనే ఎక్కువ భయం. ఖర్రా మానేవారికి నికోటిన్ చూయింగ్ గమ్ ఉంది, పేకాటకు మాత్రం మాటల చికిత్స, ఇంట్లోవాళ్ల చేతికిచ్చిన జీతం.