చేతి వార్మర్ ప్యాకెట్లు: లద్దాఖ్‌లోని ఖర్దుంగ్ లా కనుమ మీది పరుగుకు పనికొస్తాయా?

ఈ చిన్న సంచుల్లో ఉండేది ఇనుపరజను, ఉప్పు, బొగ్గుపొడి, కాస్త తేమ. కవరు చింపగానే గాలి తగిలి ఇనుము తుప్పు పడుతుంది. ఆ వేడే మనకొచ్చేది. అందుకే పరుగుకు పావుగంట ముందే చింపి, బాగా ఊపి, గాలాడే చోట ఉంచాలి. వెంటనే బిగుతు గ్లవ్‌లో కుక్కితే గోరువెచ్చగానైనా కాదు. 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్ లా మీద ఆక్సిజన్ తక్కువ, కాబట్టి కింద లేహ్‌లో వచ్చినంత వేడి రాదు. వేళ్లన్నీ ఒకేచోట ఉండే మిట్టెన్‌తో వాడితేనే డబ్బుకు న్యాయం. బూటులో పెట్టడం శుద్ధ దండగ: గాలాడదు, పైగా బూటు బిగిసి వేళ్లకు రక్తం తగ్గుతుంది.

వేలికొసలు పాలిపోయి, సూదులు గుచ్చినట్టుండి తిమ్మిరెక్కితే అది మంచుకాటుకు (చలికి చర్మం గడ్డకట్టడానికి) తొలి దశ. చంకలో పెట్టుకుంటే రంగు తిరిగొస్తుంది. అప్పుడు మంట పుడుతుంది, కంగారొద్దు.

చర్మం మైనంలా గట్టిపడి స్పర్శ పోయిందా, ప్యాకెట్ దగ్గరికి రానివ్వొద్దు. మొద్దుబారిన వేలికి కాలుతున్నా తెలియదు, బొబ్బలెక్కుతుంది. రుద్దనూ వద్దు. మళ్లీ గడ్డకట్టే ప్రమాదం లేని చోటికి చేరాకే 37–39 డిగ్రీల నీళ్లలో, చర్మం ఎర్రబడి మెత్తబడేదాకా, సుమారు అరగంట ముంచాలి. ఆపైన డాక్టరే చూడాలి.

సగం వాడిన ప్యాకెట్‌ను గాలి చొరని జిప్ కవర్లో మూసేస్తే వేడి ఆగి, మిగిలింది తర్వాత పనికొస్తుంది.