సాయంత్రం కౌన్సెలింగ్ కోర్సులో చేరబోతున్నారా? ఫీజు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో పదిహేనేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. మొన్న జూన్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి భోజనాల వేళ నా దగ్గరకు వచ్చి ఏదో చెప్పబోయింది. సగంలోనే నేను అందుకుని "ఏం కాదులే, చదువు మీద దృష్టి పెట్టు" అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయింది. ఆ పిల్ల ఏం చెప్పాలనుకుందో నాకు ఈనాటికీ తెలియదు. వినడం నేర్చుకోవాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. అమీర్‌పేటలో ఒక సంస్థ నడుపుతున్న మూడు నెలల కౌన్సెలింగ్ ప్రాథమిక కోర్సుకు 18,000 రూపాయలు కట్టింది అందుకే.

డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు నాలుగో క్లాసులో ఏం జరిగిందో వినండి.

బ్యాచ్‌లో 20 మందికి మించరని కరపత్రంలో ఉంది. ఆ రోజు హాల్లో నలభై మందిమి ఉన్నాం. శిక్షకుడు లైట్లు తగ్గించి, మెల్లని సంగీతం పెట్టి, మమ్మల్ని కళ్లు మూసుకోమన్నారు. బతుకులో అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన రోజును తలచుకోమన్నారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ మైకు దగ్గరకు పిలిచారు. నా పక్కన కూర్చునే ఒకావిడ తన తమ్ముడు పోయిన రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ నిలబడలేక నేల మీద కూలబడింది. ఆయన ఆమె భుజం తట్టి, "గతం గతః, ఇక నవ్వమ్మా" అని మా అందరి చేత చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

హాలు చివర సంస్థలో పనిచేసే కుర్రాడు ఫోనులో ఇదంతా చిత్రీకరిస్తున్నాడు. మమ్మల్ని ఎవరూ అనుమతి అడగలేదు. రెండు వారాలకు ఆ వీడియో, ఆమె ముఖం స్పష్టంగా కనిపించేలా, వాట్సాప్‌లో సంస్థ ప్రచారంగా తిరిగింది. ఆమె అత్తవారింట్లో చూశారు. తమ్ముడు ఎలా పోయాడో ఆ ఇంట్లో అప్పటివరకు ఎవరికీ తెలియదు. ఆమె మళ్లీ క్లాసుకు రాలేదు. ఇప్పుడు ఈ నాలుగు మాటలు కూడా ఆమె ఒప్పుకున్నాకే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

అసలు ఇలాంటి కోర్సులో ఏం నేర్పాలి? ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక చికిత్స విభాగంలో పనిచేసే సామాజిక కార్యకర్తను కలిసి అడిగాను. ఆమె చెప్పిన పద్ధతి ఎంత సాదాగా ఉందో! ముగ్గురేసి కూర్చోవాలి. ఒకరు చెబుతారు, ఒకరు వింటారు, మూడో మనిషి గమనించి, పావుగంటయ్యాక తాను చూసింది చెబుతారు. తర్వాత స్థానాలు మారతాయి. మొదట్లో చెప్పుకునేవి చిన్న విషయాలే అయి ఉండాలి: పక్కింటివారితో బండి నిలిపే చోటు గురించి తగువు, పిల్లవాడు లెక్కలు చేయనని మొండికేయడం. గాయాలు తవ్వే పని అక్కడ ఉండకూడదు. వినేవారు నేర్చుకోవాల్సింది ఎదుటివారి మాటలోని బాధను పట్టుకుని తిరిగి వారికే వినిపించడం, అవును కాదులతో ముగిసిపోని ప్రశ్న అడగడం, మౌనాన్ని ఓర్చుకోవడం, నాలుక చివరకు వచ్చిన సలహాను మింగేయడం. ఈ చివరిది మా ఉపాధ్యాయులకు ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లోనే సహానుభూతి, షరతులు లేని ఆదరణ, లోపలా బయటా ఒకేలా ఉండే నిజాయితీ ఉంటే తప్ప ఎదుటి మనిషిలో మార్పు రాదని రాశారు. మా కోర్సులో ఆయన ఫొటో తెర మీద ఒకసారి మెరిసి పోయింది. ముగ్గురేసి కూర్చుని సాధన చేసింది మూడు నెలల్లో రెండే సార్లు. చూసి సరిదిద్దినవారు లేరు. మిగతా సాయంత్రాలన్నీ శిక్షకుడి విజయగాథలకు, చేతిరాతను బట్టి స్వభావం చెప్పడానికి సరిపోయాయి. 24 క్లాసులన్నారు, జరిగినవి 17.

నన్ను అన్నిటికంటే భయపెట్టింది మరొకటి ఉంది. "చచ్చిపోవాలనిపిస్తోందని ఒక విద్యార్థి అంటే ఏం చేయాలి?" అని ఒక రోజు శిక్షకుడిని అడిగాను. "ఆ మాట ఎత్తకండి మేడం, ఎత్తితే లేని ఆలోచన పుడుతుంది, మంచి మాటలు చెప్పి పంపేయండి" అన్నారు. ఇది పూర్తిగా తప్పు. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా, మెత్తగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ మాటే చెబుతోంది. అడగాలి, వినాలి, ఒంటరిగా వదలకూడదు, వైద్య సహాయానికి చేర్చాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు మాకు ఒక్క రోజు కూడా చెప్పలేదు.

ఇంకొక రోజు, ఎవరు ఏం చెప్పినా ప్రాణం పోయినా బయటపెట్టకూడదని బోధించారు. బడిలో పనిచేసేవారు ఆ మాట నమ్మితే పిల్లలకు ద్రోహం జరుగుతుంది. పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. రహస్యం ఎక్కడి వరకు దాచాలి, ఎక్కడ దాచకూడదు అన్నది మొదటి రోజు మొదటి గంటలో చెప్పాల్సిన పాఠం.

కోర్సు చివర సర్టిఫికెట్ కోసం మరో 3,500 అడిగారు. దాని మీద "ప్రభుత్వ గుర్తింపు పొందిన సంస్థ" అని ఉంది. ఏ గుర్తింపు అని నిలదీస్తే ఐఎస్‌ఓ పత్రం, ఉద్యమ్ నమోదు కాగితం చూపించారు. ఉద్యమ్ అంటే చిన్న వ్యాపారంగా నమోదు కావడం. ఐఎస్‌ఓ 9001 సంస్థ నిర్వహణ పద్ధతులకు సంబంధించినది. ఈ రెండింటికీ పాఠంతో సంబంధం లేదు. "ఇక మీరు క్లినికల్ సైకాలజిస్టుల్లా బోర్డు పెట్టుకోవచ్చు" అని కూడా శిక్షకుడు అన్నారు. దయచేసి అలా చేయకండి. అందుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన చదువు పూర్తిచేసి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదు చేయించుకోవాలి. మీకు పాఠం చెప్పే మనిషి తానే క్లినికల్ సైకాలజిస్టునంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, ఆ రిజిస్టరులో సరిచూసుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు ఒక క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. సాధన ఎన్ని గంటలు, ఎవరు గమనిస్తారు, ఎంతమందికి ఒక శిక్షకుడు, క్లాసులో మీరు చెప్పుకున్నది ఎక్కడికి పోతుంది, చిత్రీకరణ ఉంటుందా అన్నది కాగితం మీద రాయించుకోండి. రాసివ్వకపోతే చేరవద్దు. లోతుగా చదవాలనుకునేవారు ఇగ్నో నడిపే కౌన్సెలింగ్, కుటుంబ చికిత్స పీజీ డిప్లొమా గురించి ఆరా తీయండి. అది మూడు నెలల్లో అయ్యే చదువు కాదు.

ఇక డబ్బు. రసీదు మీద "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్న ముద్ర ఉంది. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పది రోజుల్లో వీడియో తీసేశారు. 4,000 ఇస్తామనీ, బయట ఎక్కడా మాట్లాడనని సంతకం పెట్టాలనీ కబురు పంపారు. నేను పెట్టలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు రాసుకుంటున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, వకీలు లేకుండానే వేసుకోవచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. కరపత్రం, రసీదు, వాట్సాప్ సందేశాలు మాత్రం భద్రంగా ఉంచుకోండి.

నిన్న అటుగా వెళ్తుంటే మెట్ల దగ్గర అదే బోర్డు కనిపించింది. వచ్చే సోమవారం కొత్త బ్యాచ్ మొదలవుతుందట.