ఆ ‘లివింగ్ ట్రస్ట్’ ప్యాకేజీ జోలికి పోకండి – 38,000 పోగొట్టుకుని చెబుతున్నా

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. మూడు రోజులైనా తగ్గలేదు, అందుకే ఇలాగే రాసేస్తున్నా.

మన బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే ఒకాయన వీడియో పడుతుంటుంది చూడండి. కోటూ, టై, వెనకాల అద్దాల బీరువా నిండా లా పుస్తకాలు. “ఒంటరిగా ఉన్నారా? పిల్లలు లేరా? మీ కష్టార్జితం ఎవరి పాలు?” ఆయనే. ఆయన అమ్మేదే ఈ లివింగ్ ట్రస్ట్, అంటే బతికుండగానే మన ఆస్తిని మనం చెప్పినవాళ్ళ కోసం చూసుకోమని ట్రస్టీ అనే మనిషికి అప్పగించే ఏర్పాటు. పేరు రాయను, మీకందరికీ తెలిసినవాడే.

నాకు 62. పెళ్ళి చేసుకోలేదు. కోర్టుపేట వైపు నాన్న కట్టిన ఇల్లు ఇప్పుడు నా పేర ఉంది. అన్నయ్య పోయాడు, అతని కొడుకులు విజయనగరంలో ఉంటారు, దసరాకి ఒక ఫోన్. నేనేమీ రాయకుండా పోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇల్లు నాన్న వారసులకి, అంటే వాళ్ళకే వెళ్తుంది. నాకేమో నేను నర్సింగ్ చదివించిన గుంట ఒకత్తె ఉంది, దానికి ఇవ్వాలని. ఆ గొడవ ఇక్కడ అనవసరం.

నా భయం చావు గురించి కాదు, మంచాన పడటం గురించి. పక్షవాతం వచ్చి తెలివి తప్పితే ఆస్పత్రి బిల్లు కట్టేదెవరు, ఎఫ్‌డీ విడిపించేదెవరు? పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినా, ఇచ్చిన మనిషికి మతి తప్పగానే అది చెల్లదు. వీలునామా పోయాక గానీ పనికిరాదు. ఈ రెండూ ఆయన చెప్పాడు, రెండూ నిజాలే. ఆ రెండు నిజాలకే నేను బోల్తా పడ్డాను. మిగతాదంతా వాటి వెనకాల దూరిపోయింది.

38,000 రెండు విడతల్లో ఫోన్‌పే చేశాను. “ట్రస్టులో ముందు డబ్బు పడాలి అమ్మగారూ” అన్నాడని గడువు తీరని ఎఫ్‌డీ విరిచాను, వడ్డీ కొంత పోయింది. కాగితాలు కొరియర్‌లో వచ్చాయి. 41 పేజీలు, బంగారు అక్షరాల ఫైలు. 34 ఏళ్ళు పిల్లలకి “ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండర్రా” అని అరిచిన మనిషిని, చివరి పేజీ తిప్పి సంతకం పెట్టి, నోటరీ చేయించుకొచ్చాను. చాక్ పీసుతో నా నెత్తినే కొట్టాలి.

నోటరీ చాలు, ఇంకేమీ అక్కర్లేదన్నాడు. నాతో పనిచేసిన ఒడియా టీచరమ్మ ఒప్పుకోలేదు. “ఇంటి కాగితం రిజిస్ట్రీ లేకుండా ఎలాగ?” అని మంగళవారం నన్ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి లాక్కెళ్ళింది. అక్కడ చెట్టు కింద కూర్చునే మొహరీరు, అదే దస్తావేజులు రాసేవాడు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగిపోయాడు. “మావుసీ, ఈ కౌంటీ ఎక్కడుంది?”

చూద్దును కదా, 11వ పేజీలో “కౌంటీ ఆఫ్” అని రాసి పక్కన ఖాళీ గీత. కౌంటీ అంటే అమెరికాలో జిల్లా లాంటిది. అమెరికా కాగితం! పేరు మార్చి నాకు అంటగట్టాడు. బరంపురంలో కౌంటీ ఎటు? గేట్ బజార్ దాటాక ఎడమ చేతి వైపా?

నవ్వుకుని వచ్చేసేదాన్నే. కానీ టీచరమ్మ ఆ మెట్ల మీదే కూర్చుని మిగతాది చదివింది. అట్ట మీద ‘రివొకబుల్’ (రద్దు చేసుకోవచ్చు) అని ఇంత లావు అక్షరాలు. లోపల రద్దు చేసుకునే మాట ఒక్కటీ లేదు. 23వ పేజీలో మాత్రం ఉంది, ట్రస్టీ రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప నేను ఏదీ మార్చకూడదట. నా తర్వాత ట్రస్టీ ఎవరయ్యా అంటే, ఆయన కంపెనీ. ఫీజు ఏటా ఆస్తి విలువలో 2 శాతం. ఇల్లు నాది, సంతకం నాది, తాళం చెవి వాడిది!

అక్కడి నుంచే ఫోన్ చేశాను. మర్యాదగానే అడిగాను, “రద్దు చేసుకునే హక్కు ఏ పేజీలో ఉంది బాబూ?” అని. మొదట కాసేపు ఇంగ్లీషు మాట్లాడాడు. మళ్ళీ అడిగాను. అప్పుడు ‘అమ్మగారు’ పోయి ‘మేడమ్’ వచ్చింది.

“మేడమ్, ఎందుకంత టెన్షన్? మీకు వెనకా ముందూ ఎవరున్నారని? మీరు పోయాక వచ్చి అడిగేవాడెవడు?”

నవ్వుతూ అన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టినట్టున్నాడు, వెనకాల ఇంకెవరో కూడా నవ్వారు. టీచరమ్మకి తెలుగు అంతంతమాత్రం, నా మొహం చూసి ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఈ మాట నేను రాత్రిళ్ళు నాలో నేను అనుకునేదే. నా దగ్గర 38,000 తీసుకుని నాకే వినిపించాడు. డబ్బు ఇవాళ కాకపోతే రేపు మర్చిపోతాను. ఆ నవ్వు మాత్రం అన్నం దగ్గర కూర్చున్నా వినబడుతోంది.

తర్వాత ఫోన్ ఎత్తలేదు. గ్రూపులో అడిగితే నన్నే తీసేశారు. అడ్మిన్ గారికి నమస్కారం.

నాన్న స్నేహితుడి కొడుకు ఇక్కడ వకీలు. ఆయన చెప్పింది పొట్టిగా రాస్తున్నా. మనకి లివింగ్ ట్రస్టంటూ వేరే చట్టమేదీ లేదు. ఉన్నది 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్. బతికుండగా ఇల్లు ట్రస్టులో పెట్టాలంటే 5వ సెక్షన్ ప్రకారం దస్తావేజు రిజిస్టరు కావాల్సిందే. నాది కాలేదు కాబట్టి ఇల్లు బతికింది. 78వ సెక్షన్ ఇంకా ముఖ్యం. రద్దు చేసుకునే హక్కు నాకుందని దస్తావేజులోనే రాసుకోకపోతే తర్వాత లబ్ధిదారులందరూ ఒప్పుకోవాలి. రద్దు చేసుకోగల ట్రస్టయితే దాని ఆదాయం మీద పన్ను మనమే కట్టాలి, ‘పన్ను మిగులుతుంది’ అన్నదీ ఉత్తిదే. ప్రొబేటు, అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, దాని పేరు చెప్పి బెదిరించాడంటే వకీలు నవ్వాడు. “ఆ తప్పనిసరి రూలు మద్రాసు, బొంబాయి నగరాలకీ, పాత బెంగాల్ కింద ఉన్న జాగాలకీ పెట్టింది పిన్నీ, 2025లో దాన్నీ తీసేశారు. మన గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో మొఫసిలు, అంటే నగరం బయటి జాగా. కటక్ సంగతి అప్పట్లో వేరు.”

ఇంతా చేసి నాకు ఇప్పటికి సరిపోయేది మామూలు వీలునామా. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, నేను చేయించుకుంటున్నా అంతే. మంచాన పడే సంగతికి చిన్న ట్రస్టు తర్వాత చూద్దామన్నాడు. దానికి ట్రస్టీగా నాకు ముఖం తెలిసిన మనిషే ఉంటారు, కంపెనీ కాదు.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళుంటే ముందు ‘రివొకేషన్’ అన్న మాట ఏ పేజీలో ఉందో వెతకండి, ట్రస్టీ పేరు చూడండి. ఇంటి అసలు కాగితాలు ఎవరికీ కొరియర్ చెయ్యకండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, జిల్లా కమిషన్‌కి కూడా వెళ్తాను. నాలాగే మోసపోయినవాళ్ళు మెసేజ్ చెయ్యండి, 11, 23 పేజీల ఫోటోలు పంపుతాను. మీ దాంట్లోనూ ఆ కౌంటీ ఉందేమో చూసుకోండి.