రంగుకు మూడు వందలు: కోనసీమ యాత్రలో అద్దె బండ్లు, బసలు, భోజనాలు

రాజమహేంద్రవరంలో మోటారు సైకిళ్ళు అద్దెకిచ్చే ఒక దుకాణంవారు ఎర్ర బండికి రోజుకు 900 రూపాయలు, ఆకుపచ్చ బండికి 600 రూపాయలు చెప్పారు. రెండూ ఒకే కంపెనీవి, రెండూ 150 సీసీవి, రెండూ ఒకే ఏడాది కొన్నవి. తేడా ఎందుకని అడిగితే దుకాణదారు ఏమాత్రం తడబడకుండా, “పచ్చ బండి అచ్చిరాదండి, ఎవరూ ఎక్కరు. పండగ రోజుల్లో ఎర్రది దొరకడమే కష్టమండి” అన్నాడు. బండి స్థితిని బట్టి ధర పెట్టినా, పండగ రద్దీని బట్టి పెట్టినా నేను ఇది రాసేవాణ్ణి కాదు. మనిషి మనసులోని భయాన్ని కనిపెట్టి దానికి రోజుకు 300 రూపాయల వెల కట్టడం, ఆ డబ్బు తీసుకుని ఇచ్చిన బండికే సరైన బ్రేకు లేకపోవడం నాకు చాలా కష్టం కలిగించాయి. సంక్రాంతికి డెల్టా వైపు వెళ్ళేవారికి ఉపయోగపడాలని జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

నాతో వచ్చినవారు మా అక్క భర్త. బావగారు చాలా ఏళ్ళుగా బండి నడుపుతున్నవారు, నిదానస్తులు. స్పీడ్‌వే అనే మోటారు సైకిలు పందేలు చూడడం నాకు అలవాటు చేసినది కూడా ఆయనే. అండాకారంలో ఉండే మట్టి బాట మీద నలుగురు రైడర్లు ఎడమ వైపుకే తిరుగుతూ నాలుగు చుట్లు పూర్తి చేయాలి. బండికి 500 సీసీ ఒంటి సిలిండరు ఇంజను, మిథనాల్ ఇంధనం, ఒకటే గేరు ఉంటాయి, బ్రేకులు మాత్రం అసలే ఉండవు. మలుపు రాగానే వెనక చక్రాన్ని జారనిచ్చి, ఎడమ కాలు నేలకు ఆన్చి, ఆ జారుడుతోనే బండిని అదుపు చేస్తారు. మొదట వచ్చినవారికి 3 పాయింట్లు, తరువాతివారికి 2, మూడోవారికి 1, చివరివారికి సున్న. ఎవరెవరో దూరం నుంచి తెలియడానికి హెల్మెట్ల మీద ఎరుపు, నీలం, తెలుపు, పసుపు తొడుగులు వేస్తారు. ఈ నాలుగింటిలో ఆకుపచ్చ లేదు. ఇంగ్లండు స్పీడ్‌వేలో ఆకుపచ్చ అరిష్టమనే నమ్మకం చాలా పాతది. బావగారికి ఈ సంగతి బాగా తెలుసు కనుక దుకాణదారు మాట పూర్తి కాకముందే, “చూశావా, అక్కడా ఇదే మాట, ఇక్కడా ఇదే మాట” అని ఎర్ర బండి తాళం చేతిలోకి తీసుకున్నారు.

నేను దుకాణం ముందే నిలబడి వాదించాను. ఆకుపచ్చ మీద ఈ భయం అమెరికా కార్ల పందేల్లోనూ ఉంది. 1920లో ఇండియానాపొలిస్ 500 గెలిచిన గాస్టన్ షెవ్రొలే అదే ఏడాది నవంబరులో బెవర్లీ హిల్స్ ట్రాకు మీద మరణించాడు. అప్పుడు అతడు నడిపిన కారు ఆకుపచ్చదని ఈనాటికీ చెప్పుకుంటారు. అయితే 1965లో జిమ్ క్లార్క్ అదే ఇండియానాపొలిస్ పందేన్ని ఆకుపచ్చ లోటస్ కారుతో గెలిచాడు. మోటారు సైకిళ్ళలోనైతే కవాసాకి కంపెనీ 1969లో అమెరికాలోని డేటోనా పందేనికి, అందరూ జంకే ఆ రంగునే ఎంచుకుని, నిమ్మపచ్చ బండ్లతో దిగింది. తరువాత 1978, 1979 సంవత్సరాల్లో కోర్క్ బాలింగ్టన్ కవాసాకి మీదే 250 సీసీ, 350 సీసీ ప్రపంచ టైటిళ్ళు రెండూ వరుసగా గెలిచాడు. స్పీడ్‌వేలోనే ఉదాహరణ కావాలంటే పోలండు లోని జెలోనా గూరా జట్టు ఉంది. పసుపు, తెలుపు, ఆకుపచ్చ దాని రంగులు, ఆ రంగులతోనే 2009, 2011, 2013 సంవత్సరాల్లో దేశ చాంపియన్‌షిప్ సాధించింది. బావగారు అంతా ఓపికగా విని, “వాళ్ళ సంగతి వేరు, ఇంటి దగ్గర మన పిల్లలున్నారు” అన్నారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. బ్రేకు లేని బండి ఎక్కే మనిషికి తన చేతిలో లేనివి ఎన్నో ఉంటాయి. పందెం మొదలయ్యే గేటు దగ్గర తనకు పడిన చోటు, మట్టి తడి, ముందున్నవాడు పడిపోవడం, ఇవేవీ అతడు ఎంచుకోలేడు. ఎంచుకోగలిగినది రంగు ఒక్కటే కనుక దాన్ని పట్టుకుంటాడు. ఆ భయం రైడరుది, దాన్ని ఎవరూ తప్పు పట్టకూడదు. దాన్ని ధరల పట్టికలో ఎక్కించడమే అన్యాయం.

బావగారు ఎర్ర బండి, నేను ఆకుపచ్చ బండి తీసుకుని బయలుదేరాం. ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరేవరకు దారి హాయిగా సాగింది. ఆత్రేయపురం వెళ్ళే కాలువగట్టు రోడ్డు మీద ఎదురుగా గడ్డి ట్రాక్టరు రాగానే బావగారు వెనక బ్రేకు నొక్కితే బండి ఆగలేదు; ముందు బ్రేకుతో ఎలాగో ఆపుకుని గట్టు అంచున నిలబడ్డారు. పక్కన పెద్ద కాలువ, నిండా నీళ్ళు. ఆయన ముఖంలో రంగు లేదు. బండిని నడిపించుకుంటూ ఆత్రేయపురం వైపు కొంత దూరం వెళితే ఒక మెకానిక్ దొరికాడు. వెనక చక్రం విప్పి చూపించాడు: బ్రేకు షూలు ఇనుము కనిపించేంతగా అరిగిపోయాయి. “దీన్ని అందరూ అడుగుతారు కాబట్టి రోజూ బయటే తిరుగుతుందండి, విప్పి చూసే తీరిక వాళ్ళకు ఉండదు” అన్నాడు. షూలకు 220 రూపాయలు, కూలికి 150, మొత్తం 370 తీసుకుని కాగితం మీద రాసి ఇచ్చాడు. నేను అడగకుండానే ఆకుపచ్చ బండి చక్రం కూడా తిప్పి చూశాడు. దాని షూలు దాదాపు కొత్తవి, టైరు గాడులు లోతుగా ఉన్నాయి, గొలుసుకు నూనె ఉంది. ఎవరూ ఎక్కని బండి అరగలేదు, ఇందులో అదృష్టం ప్రసక్తే లేదు. దానికి డబ్బు ఇవ్వబోతే పండగపూట వద్దన్నాడు. ఈ యాత్ర మొత్తంలో డబ్బుకు తగిన పని దొరికిన మొదటి చోటు అదే.

తిరిగి అప్పగించేటప్పుడు 3,000 రూపాయల డిపాజిట్టులో 700 రూపాయలు ఎర్ర బండి ట్యాంకు మీద గీతకని కోశారు. ఆ గీత మేము తీసుకునే ముందే ఉన్నట్టు నా ఫోనులో ఫోటో ఉంది కాబట్టి ఆ 700 వెనక్కి ఇచ్చారు. బ్రేకు బాగుచేయించిన 370 మాత్రం ఎంత వాదించినా ఇవ్వలేదు. అంతకంటే పెద్ద విషయం మరొకటుంది. ఎర్ర బండి నంబరు ప్లేటు తెల్లది, అంటే సొంత వాడకానికి రిజిస్టరైన బండి. మనం స్వయంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. ఆకుపచ్చ బండికి అవి ఉన్నాయి. తెల్ల ప్లేటు బండిని అద్దెకు తీసుకుని ప్రమాదానికి గురైతే బీమా సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు, పోలీసులు ఆపితే జవాబు చెప్పుకోవలసింది మనమే. అద్దె దుకాణంలో చూడవలసిన రంగు ప్లేటు రంగు. తరువాత రెండు బ్రేకులు నొక్కి చూడండి, చుట్టూ తిరిగి ఫోటోలు తీయండి, రసీదులో బండి నంబరు రాయించండి.

ఆత్రేయపురంలో పూతరేకులు, ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి దర్శనం ఏ ఇబ్బందీ లేకుండా జరిగాయి. పూతరేకులకు భౌగోళిక గుర్తింపు 2023లో వచ్చింది. రహదారి మీద దుకాణాల్లో కంటే ఊళ్ళో చుట్టే ఇళ్ళ దగ్గర కొనడం మంచిది. బెల్లం, జీడిపప్పు వేసిన పది రేకుల పెట్టె మాకు 250 రూపాయలకు దొరికింది.

బ్రేకు సంఘటన తరువాత బావగారు మందపల్లి వెళ్ళి తీరాలన్నారు. రావులపాలెం నుంచి కొత్తపేట వెళ్ళే దారిలో ఉంది మందేశ్వరాలయం. అశ్వత్థుడు, పిప్పలుడు అనే రాక్షసులను సంహరించిన శనీశ్వరుడు అక్కడ శివలింగాన్ని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. ఊళ్ళలో శుభకార్యానికి నల్ల చీర కట్టుకుంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు; ఇక్కడ నల్లగుడ్డ, నల్లనువ్వులు, నువ్వులనూనె చేతపట్టుకుని జనం నిలబడతారు. శనివారాల్లో, ముఖ్యంగా శనిత్రయోదశినాడు విపరీతమైన రద్దీ ఉంటుంది. మేము మామూలు రోజున వెళ్ళాం కనుక తైలాభిషేకం ప్రశాంతంగా జరిగింది. బావగారి మనసు కుదుటపడింది. ఎర్ర రంగుకు కట్టిన 300 రూపాయలు ఇవ్వని ధైర్యం ఆయనకు ఆ అరగంట ఇచ్చింది.

అమలాపురంలో బస మాత్రం మరచిపోలేని చేదు అనుభవం. 1,000 రూపాయలని ఫోనులో ఒప్పుకున్న గదికి మేము వెళ్ళిన తరువాత లాడ్జివారు 2,200 అడిగారు. కోడిపందేలకు వచ్చినవాళ్ళతో గదులన్నీ నిండాయని, ఇష్టం లేకపోతే వెళ్ళవచ్చని గుమాస్తా ముఖం కూడా ఎత్తకుండా చెప్పాడు. దుప్పటి మార్చలేదు, వేడినీళ్ళు బకెట్టుకు 40 రూపాయలు, కిటికీకి గడియ లేదు. రాత్రంతా పక్కగదిలో ఏ వారం ఏ రంగు కోడి గెలుస్తుందన్న చర్చ సాగింది. కుక్కుట శాస్త్రం ప్రకారం నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎర్రనిది డేగ. ఏ రోజు దేన్ని దేని మీదికి వదలాలో వాళ్ళు లెక్కలు కడుతున్నారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి జూద చట్టం ఉన్నా పండగ మూడు రోజులూ ఈ రంగుల లెక్క మీద ఇళ్ళు గుల్లవుతున్నాయి. బావగారు తెల్లవారుజామున లేచి కూర్చుని, “వీళ్ళు కూడా నాలాంటివాళ్ళేనా?” అని అడిగారు. కాదని చెప్పాను. ఆయన భయపడింది తన ప్రాణం కోసం, వాళ్ళు మరొక జీవి ప్రాణం మీద డబ్బు కాస్తున్నారు.

మరునాడు అంబాజీపేట దగ్గర ఒక ఇంట్లో చేసిన భోజనం ఆ రాత్రినంతా మరిపించింది. మెకానిక్ చెప్పిన చిరునామా అది. ముందురోజు ఫోను చేస్తే మనిషికి 180 రూపాయలకు వండిపెడతారు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, కొబ్బరి పచ్చడి, ముద్దపప్పు, మజ్జిగ పులుసు, గడ్డపెరుగు, చివర చక్రకేళి. ఆ ఇంటి ఇల్లాలు, “బాబూ, ఇంకొంచెం పెట్టించుకోండి, బండి మీద తిరిగేవాళ్ళు” అంటూ కొసరి వడ్డించారు. అంతకుముందు దారిలో ఒక హోటలువారు పులస పులుసు ప్లేటు 1,200 అన్నారని చెబితే ఆవిడ నొచ్చుకున్నారు. పులస వానాకాలపు చేప. వరద వచ్చి గోదావరి ఎర్రబడినప్పుడు సముద్రం నుంచి ఏటికి ఎదురీదుతూ వస్తుంది. సంక్రాంతికి పులస అని ఎవరు వడ్డించినా నమ్మకండి. నీటి ఎరుపు చూసి వల సిద్ధం చేసుకునే జాలరి కూడా రంగునే నమ్ముతున్నాడు, కానీ ఆ ఎరుపు వెనక కొత్తనీరు, ఒండ్రు, చేప రాక ఉన్నాయి.

కనుమనాడు మొసలపల్లి దగ్గర జగ్గన్నతోట ప్రభల తీర్థం చూశాం. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద అక్కడికి వస్తారు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభలకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం కొత్తగుడ్డలు చుట్టి, గంటలు, పూలదండలు కట్టి భుజాల మీద మోసుకొస్తారు. ప్రభ కడుతున్న ఒక పెద్దాయనను బావగారు, “ఇందులో పెట్టకూడని రంగు ఏదైనా ఉందా అండీ?” అని అడిగారు. “స్వామికి కట్టేదానికి కూడని రంగేముంటుంది బాబూ” అని ఆయన పని ఆపకుండానే జవాబిచ్చారు. ప్రభలు పచ్చని వరిచేల మీదుగానే వస్తాయి, చేను తొక్కుడైనా రైతులు శుభమనే అనుకుంటారు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటుతుంటే అరుపులతో గట్లు మారుమోగాయి. బావగారు ఆ తరువాత ఆకుపచ్చ బండి తాళం నా దగ్గర అడిగి తీసుకున్నారు. కారణం నేను అడగలేదు. అమలాపురం వరకు ఆయనే దాన్ని నడిపారు.

వచ్చే కనుమకు వెళ్ళదలచినవారు బండ్లను అంబాజీపేటలోనే వదిలి తోట వరకు నడిచి వెళ్ళండి. మధ్యాహ్నం తరువాత ఆ సన్నదారిలో బండి కదలదు. బస అమలాపురంలో కాకుండా రాజమహేంద్రవరంలోనో రావులపాలెంలోనో చూసుకుని, ఒప్పుకున్న ధరను సందేశంగా రాయించుకోండి. కౌశిక దాటే ప్రభను చూడాలంటే భోజనం ముగించుకుని త్వరగా గట్టు చేరాలి, నీడ ఉన్న చోట్లు ముందే నిండిపోతాయి.